అవినీతి కేసులో బాధితులు ఎక్కడ?

(అవినీతి నిరోధానికీ మానవ హక్కుల పరిరక్షణకూ ఉన్న సంబంధం మీద ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం.

ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఒక ప్రభుత్వాసుపత్రి ఉందనుకోండి. కాన్పుకి వచ్చిన ప్రతి తల్లికీ రక్తస్రావం ఎక్కువ కాకుండా ఆపే ఇంజెక్షను అక్కడ ఉచితంగా ఇవ్వాలి. కాగితాల ప్రకారం ఆ మందు కొన్నారు. బిల్లు చెల్లించారు. స్టాకు రిజిస్టర్లో వచ్చినట్టు రాసుకున్నారు. బీరువాలో మాత్రం మందు లేదు. ఒక తల్లి రక్తం పోయి చనిపోయింది. ఇప్పుడు చెప్పండి, ఇది అవినీతి కేసా, మానవ హక్కుల కేసా?

రెండూ అంటున్నారు. నిజమే, రెండూ. కానీ ఆఫీసుకి వెళ్ళాక ఏమవుతుందో చూడండి. అవినీతి నిరోధక సంస్థకి వెళ్తే ఏమడుగుతారు? ఎవరు తిన్నారు, ఎంత తిన్నారు, రుజువేది? చనిపోయిన తల్లి పేరు ఆ ఫైల్లో ఎక్కడా రాదు. రావాల్సిన అవసరం కూడా వాళ్ళకి కనపడదు. అక్కడ నష్టపోయింది ఖజానా, అంతే. అదే మానవ హక్కుల కమిషన్‌కి వెళ్తే ఏమడుగుతారు? ఏ హక్కుకి భంగం కలిగింది, ఎవరికి కలిగింది, ప్రభుత్వం చేయాల్సి ఉండి చేయనిదేంటి? టెండరు ఎవరికి దక్కింది, ఎలా దక్కింది అన్నది ఆ ఫైల్లో రాదు. చావు ఒకటే, ఫైళ్ళు రెండు. ఒక ఫైల్లో దొంగ ఉన్నాడు, బాధితురాలు లేదు. ఇంకో ఫైల్లో బాధితురాలు ఉంది, దొంగ లేడు. ఈరోజు నేను చెప్పేదంతా ఈ రెండు ఫైళ్ళ గురించే.

ఈ చీలిక అంతర్జాతీయ చట్టంలోనే ఉంది. ఐక్యరాజ్య సమితి అవినీతి వ్యతిరేక ఒప్పందాన్ని సర్వసభ్య సభ 2003 అక్టోబరు 31న ఆమోదించింది. 2005 డిసెంబరు 14న అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 190కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. 71 అధికరణాలు. పుస్తకంగా అచ్చువేసినప్పుడు అప్పటి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నాన్ రాసిన ముందుమాటలో, అవినీతి మానవ హక్కుల ఉల్లంఘనకు దారితీస్తుందని ఉంది. అది ముందుమాట. ఒప్పందంలోని బాధ్యతలు మాత్రం నేరాలు, దర్యాప్తు, జప్తు, దేశాల మధ్య సహకారం అన్న భాషలోనే నడుస్తాయి. అటు 1966 నాటి రెండు హక్కుల ఒడంబడికలు తీయండి, పౌర రాజకీయ హక్కులది ఒకటి, ఆర్థిక సామాజిక సాంస్కృతిక హక్కులది ఒకటి. ఆ రెండింట్లోనూ అవినీతి అన్న మాటే లేదు. న్యాయవాదులు రెండు తెగలుగా తయారయ్యారు, శిక్షణ వేరు, సమావేశాలు వేరు. నష్టపోయినవాళ్ళు మాత్రం ఆ రెండు తలుపుల మధ్య తిరుగుతూ ఉన్నారు.

అయితే ఒక హెచ్చరిక. "అవినీతి అంతా మానవ హక్కుల ఉల్లంఘనే" అని సభల్లో అంటుంటాం. సభలో బాగుంటుంది, కోర్టులో నిలబడదు. కోర్టు ఏమడుగుతుంది? ఈ లంచానికీ ఈ మనిషికి జరిగిన నష్టానికీ మధ్య లంకె చూపించు అంటుంది. ఆ లంకె ఒక్కో కేసులో ఒక్కో దూరంలో ఉంటుంది.

అన్నిటికన్నా దగ్గరగా ఉండేది న్యాయమూర్తి లంచం తీసుకోవడం. అక్కడ లంచమే ఉల్లంఘన. నిష్పాక్షికమైన న్యాయస్థానం ముందు విచారణ పొందే హక్కు పౌర రాజకీయ ఒడంబడిక 14వ అధికరణం. డబ్బు చేతులు మారిన క్షణంలోనే ఆ హక్కు పోయింది, ఇంకేమీ చూపించక్కర్లేదు. ఉచితంగా ఇవ్వాల్సిన సేవకి డబ్బు అడిగే ఉద్యోగి విషయమూ అంతే. ఆ ఉద్యోగి రూపంలో హక్కుని కాలరాస్తున్నది రాజ్యమే.

కొంచెం దూరంగా ఉండేవి అనుమతులు, తనిఖీలు. 2015 అక్టోబరు 30 రాత్రి రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో కొలెక్టివ్ అనే నైట్‌క్లబ్ కాలిపోయింది. అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండానే అది నడుస్తోంది. గోడలకి తేలిగ్గా అంటుకునే ఫోమ్ అతికించి ఉంది. 64 మంది చనిపోయారు. వాళ్ళలో సగానికి పైగా ఆ రాత్రి కాదు, తర్వాత ఆసుపత్రుల్లో చనిపోయారు. "అవినీతి ప్రాణాలు తీస్తుంది" అంటూ జనం వీధుల్లోకి వచ్చారు, నవంబరు 4న ప్రభుత్వం రాజీనామా చేసింది. 2016లో ఒక క్రీడా పత్రిక విలేకరులు ఇంకో సంగతి బయటపెట్టారు. దేశంలోని ఆసుపత్రులకు సరఫరా అవుతున్న క్రిమిసంహారక ద్రావణం లేబుల్ మీద రాసినదానికన్నా ఎంతో పలచగా ఉంది. ఇక్కడ లంకె చూపించాలంటే మెట్టు మెట్టుగా చూపించాలి. క్లబ్ నడపడానికి అనుమతి ఇవ్వకూడదని అధికారికి తెలుసా? తెలిసీ ఇచ్చారా? ఆ లోపమే మరణానికి కారణమయ్యిందా? ఆలోచిస్తే, లంచం రుజువు కాకపోయినా ఈ మూడు ప్రశ్నలకీ జవాబు దొరకొచ్చు. ప్రాణాలు కాపాడే బాధ్యతలో రాజ్యం విఫలమైందని చెప్పడానికి ఫలానావాడి జేబులోకి ఫలానా మొత్తం వెళ్ళిందని చూపించక్కర్లేదు. ఇది చాలామంది న్యాయవాదులు వాడుకోని బలం.

మరీ దూరంగా ఉండేవి కూడా ఉన్నాయి. ఎన్నికల్లో డబ్బు పంచారు, దాంతో అల్లర్లు, అల్లర్లలో కాల్పులు. నైతికంగా లంకె ఉంది. దాన్ని కోర్టుకి తీసుకెళ్ళకండి, కాల్పుల కేసుగానే తీసుకెళ్ళండి.

ఇక బడ్జెట్ డబ్బు సంగతి. ఇక్కడ కాసేపు ఆగాలి. ఆర్థిక సామాజిక హక్కుల ఒడంబడిక 2వ అధికరణం మొదటి పేరా, రాసుకునేవాళ్ళు ఇది రాసుకోండి, ప్రతి రాజ్యం "తనకు అందుబాటులో ఉన్న వనరుల గరిష్ఠ మేరకు" హక్కుల అమలుకి చర్యలు తీసుకోవాలంటుంది. బడి ఎందుకు లేదు, ఆసుపత్రి ఎందుకు లేదు అంటే ప్రభుత్వాలు చెప్పే మొదటి జవాబేంటి? డబ్బుల్లేవు. సరే, డబ్బులు ఉండి, విడుదలై, దారిలో మాయమైతే? అప్పుడు డబ్బుల్లేవు అనే జవాబు చెల్లదు. ఆ డబ్బు అందుబాటులో ఉన్న వనరే కదా!

పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి న్యాయస్థానం 2010 నవంబరులో ఇచ్చిన తీర్పు దీని మీదే. నైజీరియాలో ప్రాథమిక విద్య నిధులు దారి మళ్ళాయని సెరాప్ అనే పౌర సంస్థ వెళ్ళింది. అవినీతి నేరం విచారించాల్సింది ఆ దేశం కోర్టులు అని న్యాయస్థానం ఒప్పుకుంది. కానీ అక్కడితో ఆగలేదు. పోయిన డబ్బు రాబట్టే పని రాబట్టండి, ఈలోపు ఆ లోటు పూడ్చడానికి ప్రభుత్వమే డబ్బు ఇవ్వాలి, పిల్లల చదువు ఆగకూడదు అంది. గమనించారా? దొంగ దొరికేదాకా పిల్లలు ఆగక్కర్లేదు. అవినీతి కేసు పదేళ్ళు నడవొచ్చు, ఆరేళ్ళ పిల్లకి పదహారేళ్ళొస్తాయి. హక్కుల కేసు ఆ పిల్ల కోసం.

డబ్బు దారిలో ఎంత పోతుందో కొలవొచ్చా? కొలిచారు. ఉగాండాలో 1991 నుంచి 1995 వరకు ప్రాథమిక బడులకు, జీతాలు కాక, తలసరి లెక్కన కేంద్రం పంపిన గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరిందని ఒక సర్వేలో తేలింది. సర్వే పద్ధతి సూటిగా ఉంటుంది. కేంద్రం ఎంత విడుదల చేసింది, బడి ఖాతా పుస్తకంలో ఎంత పడింది, ఆ రెండూ పక్కపక్కన పెట్టడమే. తర్వాత ఎంత పంపామో ప్రభుత్వం పత్రికల్లో వేయించింది, బడి గోడ మీద అంటించమంది. 2001 నాటికి చేరే వాటా 80 శాతం దాటింది. పత్రిక ప్రకటనొక్కటే దీనికి కారణం అనుకోకండి, ఆ ఏళ్ళలో గ్రాంటు విధానంలో వేరే మార్పులు కూడా వచ్చాయి. కానీ తల్లిదండ్రులకి తమ బడికి రావాల్సిన మొత్తం ఎంతో తెలియకుండా ఎవరు అడగ్గలరు? సమాచార హక్కు ఇక్కడ అవినీతి నిరోధానికి పనిముట్టు. అవినీతి వ్యతిరేక ఒప్పందంలో 10, 13 అధికరణాలు ఇదే చెబుతాయి.

రెండు ఫైళ్ళని ఒకటి చేయడం

మళ్ళీ ఆ ఆసుపత్రికి వెళ్దాం. ఆధారాలు ఎలా సేకరించాలో చెబుతాను, ఎందుకంటే చాలా కేసులు ఇక్కడే పాడవుతాయి.

మొదటిది హక్కు కాగితం. ఈ మందు ఇక్కడ, ఈ రోగికి, ఉచితంగా అందాలని చెప్పే ఉత్తర్వు. అత్యవసర మందుల జాబితా కావచ్చు, పథకం మార్గదర్శకాలు కావచ్చు. ఇది లేకపోతే మిగతాదంతా ఆవేదనగా మిగిలిపోతుంది.

తర్వాత డబ్బు నడిచిన దారి. కేటాయింపు వేరు, విడుదల వేరు, ఖర్చు వేరు. బడ్జెట్ పుస్తకంలో ఉన్న కేటాయింపుని తీసుకొచ్చి బీరువాలో ఉన్న స్టాకుతో పోల్చి "ఇంత తినేశారు" అంటారు మనవాళ్ళు. అవతల లాయరు లేచి, ఆ ఏడు సగమే విడుదలైంది అంటాడు. కేసు అక్కడే కూలుతుంది. విడుదల ఆలస్యం కావడం తప్పే, అది హక్కుల ఫిర్యాదులో రాయొచ్చు. దాన్ని దొంగతనం అనకూడదు.

టెండరులో చూడాల్సినవి మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. ఒక్క కంపెనీకే సరిపోయేలా రాసిన నిబంధనలు, బిడ్డు వేయడానికి మరీ తక్కువ గడువు, పెద్ద కొనుగోలుని పరిమితి కిందికి వచ్చేలా ముక్కలు చేయడం, పోటీదారులిద్దరికీ ఒకే ఫోను నంబరు ఉండటం. ఒప్పందం అయ్యాక ధరో పరిమాణమో పెంచుతూ ఇచ్చే సవరణ ఉత్తర్వులు ఎవరూ చూడరు, అసలు డబ్బు అక్కడ పోతుంది. వాటిని తప్పకుండా అడగండి.

ఇప్పుడు మందు. కాన్పులో రక్తస్రావం రాకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసేది ఆక్సిటోసిన్ 10 యూనిట్లు, ప్రతి కాన్పుకీ. అంటే కాన్పుల రిజిస్టరులో ఉన్న సంఖ్యని బట్టి కనీసం ఎంత మందు వాడాలో లెక్క వేయొచ్చు. వాడినట్టు రాసింది అంతకన్నా తక్కువైతే కొందరు తల్లులకి మందు ఇవ్వలేదు. ఎక్కువైతే వెంటనే దొంగతనం అనకండి, రక్తస్రావం మొదలైన తర్వాత చికిత్సకి ఇంకా ఎక్కువ మోతాదు పడుతుంది, ఆ కేసు షీట్లు విడిగా తీసి లెక్కించాలి. బ్యాచ్ నంబరు చూడండి. రసీదులో ఉన్న బ్యాచ్ నంబరు రిజిస్టరులో లేకపోతే, లేదా ఒకే పెట్టె రెండు చోట్ల అందినట్టు రాస్తే, అక్కడ గట్టిగా పట్టుకోవచ్చు. ఇంకొకటి. ఆక్సిటోసిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఫ్రిజ్ బాగుచేయడానికి ఇచ్చిన డబ్బు మాయమైతే మందు బీరువాలో ఉంటుంది, లెక్కలన్నీ సరిపోతాయి, మందు మాత్రం పని చేయదు. ఆడిట్ చేసేవాళ్ళకి ఈ తల్లి చావు ఎప్పటికీ కనపడదు. ఉష్ణోగ్రత రాసే కాగితం అడిగినవాళ్ళకే కనపడుతుంది.

చివరిగా మనుషులు. మందు బయట కొనుక్కోమన్న కుటుంబాలు, వాళ్ళ దగ్గరున్న చీటీలు, బిల్లులు. వాంగ్మూలం తీసుకునే ముందు దాన్ని ఎవరికి చూపిస్తారో చెప్పి సమ్మతి తీసుకోండి. పేర్లకు బదులు కోడ్ నంబర్లు వాడండి, పేర్ల జాబితా వేరే చోట ఉంచండి. కొన్ని కుటుంబాలు మళ్ళీ అదే ఆసుపత్రికి వెళ్ళాలి, అది మర్చిపోకూడదు.

ఇక వరస. ముందు ప్రెస్ మీట్ పెట్టి తర్వాత కాగితాలు అడిగితే ఏమవుతుంది? రిజిస్టర్లు కొత్తగా రాసి ఉంటాయి. ముందు ధ్రువీకరించిన నకళ్ళు తీసుకోండి, తేదీతో. ఇంకో చిక్కు ఉంది. క్రిమినల్ దర్యాప్తు మొదలవగానే అసలు కాగితాలన్నీ జప్తులోకి వెళ్తాయి, కేసు విచారణలో ఉందని హక్కుల సంస్థ చేతులు కట్టుకుంటుంది. అందుకని నకళ్ళు మీ చేతికొచ్చాక రెండు ఫిర్యాదులూ దగ్గర దగ్గర రోజుల్లో వేయండి, ఒకదానిలో రెండోదాని ప్రస్తావన చేయండి. అవినీతి ఫిర్యాదులో శిక్ష పడాలంటే నేరస్థుడి పేరు కావాలి, సందేహానికి తావులేని రుజువు కావాలి. హక్కుల ఫిర్యాదుకి వ్యక్తి పేరు అక్కర్లేదు, రాజ్యం వైఫల్యం చూపిస్తే చాలు. మొదటిది ఓడిపోయినా రెండోది గెలవొచ్చు.

బయటి వేదికల గురించి రెండు మాటలే చెబుతాను. అవినీతి ఒప్పందం అమలుని దేశాలే ఒకదాన్నొకటి సమీక్షించుకునే ఏర్పాటు 2010లో మొదలైంది. అందులో సారాంశం బయటపెడతారు, పూర్తి నివేదిక ఆ దేశం ఒప్పుకుంటేనే బయటికి వస్తుంది. హక్కుల కమిటీలు అలా కాదు, పౌర సంస్థలు సొంత నివేదిక ఇవ్వొచ్చు, జెనీవాలో మాట్లాడొచ్చు. ఆరోగ్యం, విద్య, నివాసం మీద ఉన్న ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధులకి రాయడానికైతే స్వదేశంలో కోర్టులన్నీ తిరిగి రావాల్సిన పని కూడా లేదు. అవినీతి వల్ల కలిగిన నష్టాన్ని అక్కడ హక్కుల భాషలో పెట్టండి.

లంచం ఇచ్చినవాళ్ళు, సమాచారం ఇచ్చినవాళ్ళు

చాలా దేశాల చట్టాల్లో లంచం తీసుకున్నవాడూ నేరస్థుడే, ఇచ్చినవాడూ నేరస్థుడే. కాంట్రాక్టు కోసం డబ్బు కట్టే కంపెనీ విషయంలో ఇది సబబే. బిడ్డకి వైద్యం కోసం, నిర్బంధంలో ఉన్న కొడుకుని చూడటం కోసం కట్టిన తల్లి కూడా అదే గాటన పడితే? ఆమె ఫిర్యాదు చేయదు. చేస్తే తన నేరం తానే ఒప్పుకున్నట్టు. అంటే చట్టమే అధికారికి కాపలా కాస్తోంది. ఒత్తిడికి లోబడి ఇచ్చినవారికి, నిర్ణీత గడువులో ఫిర్యాదు చేసినవారికి శిక్ష నుంచి మినహాయింపు ఉండాలి. ఆ గడువు ఏడు రోజులో పదిహేను రోజులో పెడితే సరిపోదు. ఆసుపత్రిలో ఉన్న మనిషికి, జైల్లో ఉన్న మనిషికి ఆ గడువులో బయటికొచ్చి ఫిర్యాదు రాసే వీలుంటుందా?

డబ్బు బదులు శరీరం అడిగితే ఇది ఇంకా దారుణం. దీనికి సెక్స్‌టార్షన్ అన్న పేరు పెట్టి ప్రపంచం ముందు పెట్టింది అంతర్జాతీయ మహిళా న్యాయమూర్తుల సంఘం. అవినీతి చట్టం కింద వెళ్తే, చట్టంలో ఆర్థిక ప్రయోజనం అని రాసి ఉంది కాబట్టి ఇది లంచం కాదంటారు. లైంగిక నేరాల చట్టం కింద వెళ్తే బలవంతం ఎక్కడుంది, ఒప్పుకుంది కదా అంటారు. ఆమె రెండు చట్టాల మధ్య సందులో పడిపోతుంది. అవినీతి ఒప్పందం 15వ అధికరణం "అనుచిత ప్రయోజనం" అంటుంది, డబ్బే కావాలని అనలేదు. దేశీయ చట్టంలో "లైంగిక ప్రయోజనంతో సహా" అని మూడు మాటలు చేర్చాలి. ఆమెని లంచం ఇచ్చిన వ్యక్తిగా ఎప్పుడూ విచారించకూడదని ఇంకో వాక్యం చేర్చాలి. ఈ రెండో వాక్యం లేకుండా మొదటిది చేర్చితే మేలు కన్నా కీడే ఎక్కువ.

సమాచారం బయటపెట్టే విజిల్ బ్లోయర్ల సంగతి. అవినీతి ఒప్పందం 32వ అధికరణం సాక్షుల రక్షణకి చర్యలు తీసుకోవాలంటుంది. 33వ అధికరణం, సమాచారం ఇచ్చినవారి గురించి, "పరిశీలించాలి" అని మాత్రమే అంటుంది. సాక్షికి బాధ్యత, సమాచారం ఇచ్చినవారికి పరిశీలన! సమాచారం ఇచ్చేవాళ్ళే లేకపోతే సాక్షులెక్కడి నుంచి వస్తారు? ఈ లోటుని పూడ్చింది హక్కుల చట్టం. గుజా అనే ఉద్యోగి మాల్డోవా ప్రభుత్వం మీద వేసిన కేసులో 2008 ఫిబ్రవరిలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తీర్పిచ్చింది. ప్రాసిక్యూటర్ జనరల్ ఆఫీసు పత్రికా విభాగం అధిపతిగా ఉన్న గుజా, రాజకీయ జోక్యాన్ని చూపే రెండు ఉత్తరాలు పత్రికకి ఇచ్చి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అది భావప్రకటనా స్వేచ్ఛకి భంగం అంది కోర్టు. చూడాల్సినవేంటో కూడా చెప్పింది. లోపల చెప్పుకునే దారి ఉందా, విషయంలో ప్రజా ప్రయోజనం ఉందా, సమాచారం నిజమైనదా, యజమానికి ఎంత నష్టం, ఉద్దేశం మంచిదేనా, వేసిన శిక్ష ఎంత తీవ్రం.

2019 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం ఇంకో అడుగు ముందుకేసింది. ఫిర్యాదు అందినట్టు 7 రోజుల్లో చెప్పాలి, సాధారణంగా 3 నెలల్లో ఏం చేశారో చెప్పాలి. అసలు బలం రుజువు భారంలో ఉంది. ఫిర్యాదు చేశాను, తర్వాత నష్టపోయాను అని ఉద్యోగి చూపిస్తే చాలు. ఆ చర్యకి ఫిర్యాదుతో సంబంధం లేదని నిరూపించుకోవాల్సింది యజమాని. ఇది లేని చట్టం ఎంత పొడుగున్నా పని చేయదు. ఎందుకంటే ఎవరూ "నువ్వు ఫిర్యాదు చేశావు కాబట్టి తీసేస్తున్నాం" అని కాగితం మీద రాయరు. బదిలీ అంటారు, పనితీరు బాగోలేదంటారు.

నిందితుడి హక్కులు

ఇది మీలో కొందరికి నచ్చకపోవచ్చు. అయినా గట్టిగానే చెబుతాను. అవినీతిపరుడికి కూడా హక్కులున్నాయి, వాటిని తొక్కితే అవినీతి మీద పోరాటమే దెబ్బతింటుంది.

ఉరిశిక్ష తీసుకోండి. 2018లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ 36వ సాధారణ వ్యాఖ్యలో స్పష్టంగా చెప్పింది. ఉద్దేశపూర్వకంగా ప్రాణం తీసిన నేరాలు తప్ప మిగతావి, అవినీతితో సహా, మరణశిక్షకి ఆధారం కాకూడదు. హక్కుల కోణం పక్కన పెట్టి ఆచరణే చూడండి. డబ్బుతో యూరప్ పారిపోయిన నిందితుడిని ఉరిశిక్ష ఉన్న దేశానికి అక్కడి దేశాలు అప్పగించవు, ఉరి వేయమని హామీ ఇస్తే తప్ప. కఠినంగా ఉందామని పెట్టుకున్న శిక్షే నిందితుడికి ఆశ్రయం ఇస్తోంది.

చైనాలో 2018 పర్యవేక్షణ చట్టం కింద లియుజీ అనే నిర్బంధం ఉంది. మొదట్లో మూడు నెలలు, దాన్ని మరో మూడు నెలలు పొడిగించే వీలు ఉండేది, 2025 సవరణతో కొన్ని కేసుల్లో ఆ గడువు ఇంకా పెరిగింది. ఆ కాలంలో లాయరు ఉండడు. అలా తీసుకున్న ఒప్పుకోలుని బయటి కోర్టు ఎందుకు నమ్మాలి? నమ్మకపోతే ఆస్తి స్తంభింపజేయమన్న అభ్యర్థన ఆగిపోతుంది.

అక్రమ సంపద నేరం ఇంకా మెలికైనది. అవినీతి ఒప్పందం 20వ అధికరణం ప్రకారం ఉద్యోగి ఆస్తి ఆదాయానికి మించి పెరిగి, కారణం చెప్పలేకపోతే నేరం. దేశ రాజ్యాంగానికి లోబడి దీన్ని పరిశీలించమంటుంది, బలవంతం లేదు. ఉక్రెయిన్ ఈ నేరం పెట్టింది. 2019 ఫిబ్రవరి 26న ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం, నిర్దోషిత్వ సూత్రానికి విరుద్ధమని కొట్టేసింది. నడుస్తున్న కేసులు మూతపడ్డాయి. తీర్పుని తిట్టుకున్నవాళ్ళు చాలామంది, వాళ్ళ కోపం అర్థం చేసుకోగలను. కానీ రుజువు భారాన్ని మొత్తంగా నిందితుడి మీదికి తోసినట్టు కనిపించేలా చట్టం రాస్తే అది కూలే ప్రమాదం మొదటిరోజు నుంచే ఉంటుంది. అదే ఏడాది చివర కొత్త చట్టం తెచ్చారు, సివిల్ పద్ధతిలో ఆస్తి స్వాధీనం చేసుకునే దారిని పక్కన చేర్చారు. మనిషిని జైల్లో పెట్టే దారి వేరు, ఆస్తికి లెక్క అడిగే దారి వేరు. రెండో దాంట్లో రుజువు భారం కొంత మార్చడం న్యాయంగానే చేయొచ్చు.

సంస్థ స్వతంత్రత గురించి దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2011లో గ్లెనిస్టర్ కేసులో చెప్పింది గుర్తుంచుకోండి. బలమైన దర్యాప్తు విభాగాన్ని రద్దు చేసి పోలీసుల కింద కొత్తది పెడితే, అయిదుగురు నలుగురి తేడాతో కోర్టు చెల్లదంది. వాదన ఏంటంటే, హక్కుల్ని కాపాడే బాధ్యత రాజ్యానిది, అవినీతి ఆ హక్కుల్ని తినేస్తుంది, కాబట్టి రాజకీయ ఒత్తిడికి లొంగని అవినీతి నిరోధక సంస్థని ఉంచడం కూడా హక్కుల బాధ్యతే. రెండు ఫైళ్ళని ఒక తీర్పులో కలిపారు. ఆ సంస్థే ప్రతిపక్షం మీద, విలేకరుల మీద మాత్రమే కేసులు పెడుతుంటే అడగాల్సింది కూడా ఈ తర్కంతోనే.

డబ్బు వెనక్కి వచ్చాక

శిక్ష పడింది, జరిమానా వసూలైంది. ఎక్కడికి వెళ్తుంది? ఖజానాకి. ఆ తల్లి కుటుంబానికి ఏమొచ్చింది? అవినీతి ఒప్పందం 35వ అధికరణం, నష్టపోయినవారు పరిహారం కోసం కేసు వేసే వీలుండాలంటుంది. వాడేవాళ్ళు తక్కువ. కోస్టారికా వాడింది. టెలికాం లంచాల కేసులో ఆల్కాటెల్ కంపెనీ నుంచి 2010లో "సామాజిక నష్టం" కింద కోటి డాలర్లు రాబట్టింది. సమాజానికి జరిగిన నష్టాన్ని ఒక నష్టంగా కోర్టులో అడగొచ్చని చూపింది. బ్రిటన్ ఆయుధాల కంపెనీ బీఏఈ సిస్టమ్స్ కేసులో టాంజానియాకి 2 కోట్ల 95 లక్షల పౌండ్లు వెళ్ళాయి, పాఠ్యపుస్తకాలు, బెంచీల కోసం.

దొంగసొమ్ము వెనక్కి ఇచ్చే దేశానికీ ఒక భయం ఉంటుంది, మళ్ళీ అదే చేతుల్లో పడుతుందేమోనని. కజక్‌స్థాన్ విషయంలో స్విట్జర్లాండ్‌లో స్తంభించిన 8 కోట్ల 40 లక్షల డాలర్లని ప్రభుత్వానికి ఇవ్వలేదు. బోటా అనే స్వతంత్ర ఫౌండేషన్ ద్వారా పేద పిల్లలకి, తల్లులకి చేర్చారు, 2014 వరకు నడిచింది. నైజీరియాకి, ఒకప్పటి సైనిక పాలకుడు అబాచా దోచిన సొమ్ము 32 కోట్ల 20 లక్షల డాలర్లు 2017 ఒప్పందం ప్రకారం తిరిగొచ్చింది. పేద కుటుంబాలకి నగదు బదిలీ చేయాలని, ప్రపంచ బ్యాంకు పర్యవేక్షించాలని షరతు. లబ్ధిదారుల దగ్గరికి వెళ్ళి డబ్బు అందిందా అని పౌర సంస్థలు చూశాయి. ఇలాంటి ఒప్పందం రాసేటప్పుడే అడగండి: ఒప్పందం బయట పెడతారా, లబ్ధిదారుల ఎంపిక ఎవరిది, ఫిర్యాదు ఎక్కడ చేయాలి? సంతకాలయ్యాక అడిగితే జవాబు రాదు.

ఒక ప్రశ్న వచ్చింది, అందరికీ పనికొస్తుంది కాబట్టి చదువుతాను. "అవినీతి నిరోధక సంస్థ, హక్కుల కమిషన్ కలిసి పని చేయాలంటే కొత్త చట్టం కావాలా?" అక్కర్లేదు. ఎక్కువ భాగం రెండు సంస్థల మధ్య ఒక ఒప్పంద పత్రంతో అయిపోతుంది. అందులో ఉండాల్సినవి కొన్నే. ఫిర్యాదు ఫారంలో రెండు గడులు చేర్చాలి. అవినీతి సంస్థ ఫారంలో "దీనివల్ల నష్టపోయినవారు ఎవరు, ఎలా", కమిషన్ ఫారంలో "ఎవరైనా డబ్బు లేదా మరేదైనా అడిగారా". ఆ గడి నిండితే నిర్ణీత రోజుల్లో రెండో సంస్థకి నకలు పంపాలి, పంపిన అధికారి పేరుతో. పంపే ముందు ఫిర్యాదుదారు సమ్మతి ఉండాలి, వద్దంటే పంపకూడదు, వద్దన్నందుకు మొదటి ఫిర్యాదు మూసేయకూడదు. లీకయితే బాధ్యత ఎవరిదో పత్రంలోనే రాయాలి. ఈ సమ్మతి సంతకం ఫిర్యాదు తీసుకున్న రోజే, వాళ్ళ భాషలో చదివి వినిపించి తీసుకోండి. తర్వాత తీసుకుందాంలే అనుకుంటే అప్పటికి వాళ్ళని ఎవరో ఒకరు బెదిరించి ఉంటారు.